బుర్బోం కొండకు ప్రదక్షిణ

నా చిన్నప్పుడు, అంటే 1960ల చివరలో, చెరకు కోతలు ముగిసి బడికి సెలవులిచ్చే రోజుల్లో నాయనమ్మ మమ్మల్ని తన పుట్టిల్లు షమరెల్‌కు తీసుకుపోయేది. ఆ కొండ మీద నుంచి పడమటి సముద్రం కనిపిస్తుంది. ఏడాదిలో నాలుగైదు సాయంత్రాలు మాత్రమే, గాలిలో మసక లేనప్పుడు, సూర్యుడు దిగే చోట నీళ్ళ అంచున నల్లటి నీడ ఒకటి పైకి లేచేది. బోర్లించిన బాణలిలా ఉండేది. నాయనమ్మ వేలు చూపించి, "అదిగోరా బుర్బోం కొండ. మీ చిన్న ముత్తాత అప్పన్న అక్కడే ఉన్నాడు" అనేది. ఉండేవాడు అనేది కాదు, ఉన్నాడు అనేది. సూర్యుడు మునిగిన కాసేపటికి కొండ కూడా మాయమయ్యేది. మేము పరుగెత్తుకుంటూ ఇంటికి పోయేవాళ్ళం.

బుర్బోం అంటే మన పక్క దీవి రీయూనియన్‌కు పాత పేరు. ఆ కొండ పేరు పితోన్ దె నేజ్, ఎత్తు 3,071 మీటర్లు. హిందూ మహాసముద్ర దీవులన్నిటిలో దానికన్నా ఎత్తయినది లేదు. అందుకే రెండు వందల కిలోమీటర్ల దూరం నుంచి కూడా మనకు కనిపిస్తుంది.

మా ఇంట్లో చెప్పుకునే కథ ఇది. గోదావరి పాయల దగ్గర ఒక ఊరి నుంచి అన్నదమ్ములిద్దరు పని కోసం బయలుదేరారు. అన్న రామన్న కోరంగి రేవులో మారిషస్ ఓడ ఎక్కాడు. తమ్ముడు అప్పన్న దగ్గరలోనే ఉన్న యానాంలో ఫ్రెంచివాళ్ళ ఓడ ఎక్కాడు. రెండు ఓడలూ ఒక్క చోటికే పోతాయని ఎవరో చెప్పారట. మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. రామన్న మా ముత్తాత. ఆయన కాగితం మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో దొరికింది. నంబరు, వయసు, ఎత్తు, ఊరి పేరు ఉన్నాయి. ఆ ఊరి పేరును గుమాస్తా ఎలా రాశాడంటే, గోదావరి పటం ముందు పెట్టుకుని నేను ఎన్నిసార్లు చదివినా ఏ ఊరో తేలలేదు. తమ్ముడి ప్రస్తావన లేదు. కాబట్టి అప్పన్న గురించి మాకు ఉన్నది నాయనమ్మ మాట ఒక్కటే.

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పాను. అందులో చాలా ఏళ్ళు బడికి సైకిల్ మీదే వెళ్ళాను. పదవీ విరమణ చేసిన రెండో ఏడు, 2019 ఆగస్టులో, ఆ సైకిల్ మీదే బుర్బోం కొండ చుట్టూ తిరిగి రావాలని నిశ్చయించుకున్నాను. అప్పటికి నాకు అరవై ఒకటి. మా ఆవిడ క్రియోల్‌లో ఒక మాట అంది. దాన్ని తెలుగులోకి మారిస్తే, "మోకాలికి మందు రాసుకుంటూ మేడ మెట్లు ఎక్కే మనిషి కొండ చుట్టూ తిరుగుతాడట" అని అర్థం. ఒంటరిగా ఎందుకు అని పిల్లలు అడిగారు. తోడు వచ్చేవాళ్ళు ఎవరైనా రోజుకు నలభై కిలోమీటర్లు కూడా తొక్కని నా నడకకు విసుగెత్తిపోతారు. అది పైకి చెప్పిన కారణం. అసలు కారణం, ఎదురుపడ్డ ప్రతి ఇంటి పేరూ ఆగి చదువుకుంటూ పోవాలని.

మన సింహాద్రి అప్పన్నకు సింహాచలంలో గిరి ప్రదక్షిణ చేస్తారు. ఆషాఢ పౌర్ణమి వేళ 32 కిలోమీటర్లు కాలినడకన కొండ చుట్టూ తిరుగుతారు. నేను ఆ ప్రదక్షిణ చేయలేదు. కానీ మా అప్పన్న ఉన్న కొండకు చేయవచ్చు కదా అనిపించింది. రీయూనియన్ తీరం వెంబడి చుట్టు దారి రెండు వందల పది కిలోమీటర్ల పైచిలుకు. గట్టి కుర్రవాళ్ళు రెండు రోజుల్లో తిరుగుతారు. నేను ఎనిమిది రోజులు పెట్టుకున్నాను.

ప్రదక్షిణ అంటే కొండ కుడిచేతి వైపు ఉండాలి. కాబట్టి ఉత్తరాన విమానాశ్రయం ఉన్న సేంత్ మరీలో మొదలుపెట్టి తూర్పు దారి పట్టాను. మనకు బండ్లు ఎడమవైపు నడుస్తాయి, అక్కడ కుడివైపు. మొదటి గంటలో రెండుసార్లు తప్పు వైపుకు పోయి తిట్లు తిన్నాను. తరువాత గమనించాను, ఇలా కుడివైపున పోతుంటే కొండ ఎప్పుడూ నా పక్కనే ఉంటుంది, సముద్రం రోడ్డుకు అవతల పడుతుంది. ప్రదక్షిణకు అనువైన దేశమే అనుకున్నాను.

తూర్పున నాలుగు వరుసల పెద్ద రోడ్డు ఉంది. సైకిల్ వాళ్ళకు ఊళ్ళ మధ్యగా పోయే పాత రోడ్డే మేలు. ఆగస్టు కాబట్టి చెరకు కోతలు జోరుగా సాగుతున్నాయి. ఇప్పుడు ఆ దీవిలో రెండే చక్కెర మిల్లులు నడుస్తున్నాయి. తూర్పున బ్వా రూజ్, నైరుతిలో లె గోల్. చెరకు మోసే పెద్ద లారీలను అక్కడివాళ్ళు 'కషాలో' అంటారు, అంటే తిమింగలం. అది వెనక నుంచి వచ్చినప్పుడు పేరు సరిగ్గానే పెట్టారనిపిస్తుంది. రాలిన చెరకు ఆకులు, తీపి వాసన, తడి మట్టి. కళ్ళు మూసుకుంటే మా షెమెన్ గ్రెనియే దారిలో ఉన్నట్టే ఉంది. ఒక బండి దగ్గర ఆగి మనం గాటో పిమాం అనే పప్పు వడలు చూపించాను. అక్కడ వాటిని బొంబోం పిమాం అంటారట. అమ్మే ఆవిడ "కొమాన్ ఇ లే?" అని అడిగింది. జవాబుగా "లే లా" అనాలని తెలిసింది. బాగున్నారా అంటే, ఉన్నాం అని. నాయనమ్మ మాట గుర్తొచ్చింది.

సేన్తాండ్రేలో సముద్రం ఒడ్డున రంగురంగుల పెద్ద కోవెల ఉంది. రీయూనియన్‌లో దక్షిణ భారతం నుంచి వచ్చిన వాళ్ళందరినీ 'మల్బార్' అంటారు. తమిళుడైనా తెలుగువాడైనా ఆ ఒక్క మాటలోనే కలిసిపోయారు. తెలుగువాళ్ళు అక్కడికి పోయింది నిన్న మొన్న కాదు. ఇంకా బానిసత్వం ఉన్న 1828లోనే యానాం నుంచి ఒక చిన్న జట్టును ఒప్పందం మీద తీసుకుపోయారు. మన అప్రవాసీ ఘాట్‌లో 1834లో దిగినవాళ్ళకన్నా అది ముందు. 1848 డిసెంబరు 20న అక్కడ బానిసత్వం రద్దయ్యాక ఓడలు పెరిగాయి. 1860లో ఇంగ్లిషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఒప్పందం చేసుకున్నాక ఇంగ్లిషు ఏలుబడిలోని జిల్లాల నుంచి కూడా జనాన్ని ఎక్కించారు. కూలీలను చూసే తీరు బాగాలేదని ఇంగ్లిషు ప్రభుత్వం 1882లో ఆ వలసను ఆపేసింది. మా అప్పన్న ఈ మధ్యలోనే ఎక్కడో దిగి ఉండాలి.

కోవెలలో అయ్యగారు మర్యాదగా మాట్లాడారు. తెలుగు కుటుంబాలు ఎవరైనా ఉన్నారా అంటే, మల్బార్‌లందరూ ఇక్కడికే వస్తారు అన్నారు. ప్రసాదం పెట్టి పంపారు.

అక్కడి నుంచి నా పని పోస్టు పెట్టెలు చదవడం. ప్రతి ఇంటి గేటుకూ పేరు రాసిన పెట్టె ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సైకిల్ నడక కన్నా నిదానంగా పోతుంది కాబట్టి చదవడానికి వీలే. మూటూసామి, వీరాపెన్, ఆ వెంటనే హోఅరో, పయే. అప్పన్న కనబడలేదు. కనబడినా ఏం చెబుతుంది? గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన పేరు, తరువాతి తరంలో ఇంటి పేరు అయిపోయింది. దానికి ముందు చర్చిలో పెట్టిన క్రైస్తవ పేరు చేరింది. పేర్ల సంగతిలో వాళ్ళు మాత్రమే కాదు. సేంత్ సుజాన్ దగ్గర ఎద్మోం అల్బ్యూస్ గురించి చదివాను. 1841లో పన్నెండేళ్ళ బానిస పిల్లవాడు వెనిల్లా పువ్వుకు చేత్తో పరాగం అంటించే ఉపాయం కనిపెట్టాడు. ఈ రోజుకీ ప్రపంచమంతా ఆ పద్ధతే. ఆ అబ్బాయికి ఇంటి పేరు అనేది 1848లో స్వేచ్ఛ వచ్చాకే వచ్చింది. ఇంతటి పని చేసినవాడికే అప్పటిదాకా ఇంటి పేరు లేకపోతే, మా అప్పన్న పేరు ఎవరు జాగ్రత్త పెట్టి ఉంటారు?

రెండో రోజు సేన్ బెన్వా దాటాక ఆగ్నేయం గాలి ఎదురైంది. మన దగ్గర వీచే గాలే. అక్కడ అది సముద్రం మీద నుంచి వచ్చి తిన్నగా కొండకు కొట్టుకుంటుంది, అందుకే తూర్పున వాన ఎడతెగదు. ఆ కొండల మీద ఫోక్ ఫోక్ అనే చోట 1966 జనవరిలో ఒక్క రోజులో 1,825 మిల్లీమీటర్ల వాన పడింది. ఇరవై నాలుగు గంటల వానలో అది ప్రపంచ రికార్డు. నా మీద పడింది అందులో ఏ పాలో తెలియదు గాని, బూట్లలో నీళ్ళు పోసుకుని తొక్కినట్టుంది. ఎడమ మోకాలు సలపడం మొదలైంది. ఎండ్రకాయలా పక్కకు తిరిగి సైకిల్ దిగాల్సి వచ్చింది. పితోన్ సేంత్ రోజ్ చేరేసరికి మధ్యాహ్నమే చీకటి పడినట్టయింది. ఆ రోజుకు అక్కడే ఆగిపోయాను.

ఆ ఊరి చర్చి ప్రసిద్ధం. 1977లో అగ్నిపర్వతం లావా ఊళ్ళోకి దిగి, ఇళ్ళను కాల్చి, చర్చి గుమ్మం దాకా వచ్చి చుట్టుకుని ఆగిపోయింది. గడ్డకట్టిన నల్లరాయి ఇప్పటికీ గోడను ఆనుకుని ఉంది. అప్పటి నుంచి దాన్ని లావాల మాత చర్చి అంటున్నారు. గడప దగ్గర కొవ్వొత్తులతోపాటు ఎర్రటి మందారాలు కూడా పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారని నేను అడగలేదు.

మూడో రోజు వాన తెరిపిచ్చింది. గ్రాం బ్రూలే మీదుగా వెళ్ళాను. ఆ దీవికి రెండు పర్వతాలు. పితోన్ దె నేజ్ నిద్రపోతున్నది. ఆగ్నేయాన ఉన్న పితోన్ ద లా ఫూర్నేజ్, 2,632 మీటర్లది, మేలుకుని ఉన్నది. దాని నుంచి లావా సముద్రానికి దిగే దారే గ్రాం బ్రూలే. రోడ్డు పక్కన ఏ ఏడాది లావా అక్కడ దాటిందో పలకలు పెట్టారు. 2007 ఏప్రిల్‌లో వచ్చినది రోడ్డును పూర్తిగా మింగి సముద్రంలో పడింది. దాని మీదే మళ్ళీ రోడ్డు వేశారు. పాత లావా మీద చెట్లు, కొంచెం కొత్త దాని మీద ఫెర్న్ మొక్కలు, 2007 నాటి దాని మీద బూడిద రంగు నాచు. సైకిల్ మీద పోతుంటే కాలాన్ని వెనక్కి ముందుకీ తొక్కుతున్నట్టు ఉంది. ఒక్క మనిషి లేడు. టైరులో గాజు ముక్కంత రాయి దిగి గాలి పోయింది. ఆ నల్లరాళ్ళ మీద కూర్చుని ట్యూబు మార్చుకున్నాను. పంపు కొడుతుంటే చేతులు వణికాయి. ఇక్కడ ఏమైనా అయితే ఎవరికి తెలుస్తుంది అనే భయం ఆ ప్రయాణం మొత్తంలో అప్పుడొక్కసారే కలిగింది. భార్యాబిడ్డలూ భాషా వదిలి ఇలాంటి నేల మీద దిగినవాళ్ళకు ఆ భయం ఎన్నేళ్ళు ఉండి ఉంటుందో!

సేన్ ఫిలిప్ అంతా మొగలి చెట్లు. మనం వాకువా అంటామే, అదే. మనలాగే వాళ్ళూ ఆ ఆకులతో చక్కెర సంచులు అల్లేవారు. మొగలిపొదలు గోదావరి ఒడ్డు మనిషికి కొత్త కాదు. అప్పన్న వాటిని చూసి ఏమనుకున్నాడో అని కాసేపు నిలబడ్డాను. అక్కడి నుంచి గాలి వెనక నుంచి తోసింది. సేన్ జోసెఫ్, సేన్ పియేర్ సులువుగా దాటాను. ఇన్ని రోజులూ కుడిపక్కన ఉన్న కొండ మాత్రం ఒక్కసారి కూడా పూర్తిగా కనబడలేదు. ఉదయం ఎనిమిది గంటలకే మబ్బు దిగుతుంది. పాదాలు కనిపిస్తాయి, శిరస్సు కనిపించదు. షమరెల్ నుంచి అంత స్పష్టంగా కనిపించిన కొండ, దాని కిందికి వచ్చాక లేనట్టే అయింది. సేన్ లూయీలో అందరూ సిలావోస్ ఎక్కమన్నారు, అక్కడి నుంచి శిఖరం బాగా కనబడుతుందట. నాలుగు వందల మలుపులని పేరుపడ్డ దారి అది. మోకాలు ఒప్పుకోలేదు. ప్రదక్షిణ చేసేవాడు కొండ ఎక్కనక్కరలేదు అని సర్దిచెప్పుకున్నాను.

ఎక్కకపోవడమే మంచిదైంది. లె గోల్ మిల్లు చెరకు తోటల మధ్య ఒక ఇంటి ముందు చిన్న గుడి కనిపించింది. రేకు కప్పు, పసుపు పూసిన రాయి, ఎర్ర గుడ్డ. మా ఊళ్ళలో అమ్మోరికి కట్టేది అచ్చం ఇలాంటిదే. సైకిల్ ఆపి చెప్పులు విప్పాను. ఇంట్లోంచి ఒక పెద్దాయన వచ్చారు, ఎనభైకి దగ్గర. నా క్రియోల్ విని మారిషస్ అని పోల్చుకుని అరటిపళ్ళు తెచ్చి పెట్టారు. అప్పన్న కథ చెప్పాను. ఆయన తల ఊపి, మా వాళ్ళు కూడా ఇద్దరన్నదమ్ములే అన్నారు. ఆ మాటకు నా గుండె ఆగినంత పనైంది. కానీ ఆయన ముత్తాత వచ్చింది కారైకాల్ నుంచి. ప్రతి ఇంట్లోనూ ఇద్దరన్నదమ్ముల కథ ఉంటుందని అప్పుడు తెలిసింది.

నేను తెలుగు మాస్టరునని చెప్పగానే లోపలికి వెళ్ళి స్కూలు నోటుబుక్కు ఒకటి తెచ్చారు. అమ్మవారి పాటలు. అక్షరాలు ఫ్రెంచివి. వాళ్ళ నాయన పాడుతుంటే విని రాసుకున్నారట. "మీరు ఇండియా భాష చదువుకున్నవారు కదా, దీని అర్థం చెప్పండి, యాభై ఏళ్ళుగా పాడుతున్నాను" అన్నారు. చదివాను. అది తమిళం. నాకు తమిళం రాదు. మధ్యలో 'అమ్మ' అనే మాట తప్ప నాకేమీ తెలియలేదు. సిగ్గుతో ఆ సంగతే చెప్పాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. నవ్వి, "మా నాయనకూ తెలియదు. అమ్మకు తెలుసు, చాలు" అన్నారు. నోటుబుక్కు చూడకుండానే రెండు పాటలు పాడారు. గొంతు వణుకుతున్నా తాళం తప్పలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నానేమో.

ఇరవై ఐదేళ్ళ క్రితం మా ఊరి రామభజనకు ఒక కుర్రవాడు వచ్చేవాడు. పదిహేనేళ్ళుంటాయి. మంచి గొంతు. అతను పాటలన్నీ ఫ్రెంచి అక్షరాల్లో రాసుకున్న నోటుబుక్కు చూసి పాడేవాడు. లిపి రాకపోతే భాష లేనట్టే అని నా పట్టుదల. 'ళ' పలకవలసిన చోట 'ల' పలికేవాడు. ఒక శనివారం అందరి ముందు ఆ నోటుబుక్కు తీసుకుని మూసేసి, "ముందు తెలుగు నేర్చుకో, తరువాత పాడుదువు గాని" అన్నాను. అతను మరుసటి శనివారం రాలేదు. ఆపైన ఎప్పుడూ రాలేదు. నేను భాషను కాపాడాను అనుకున్నాను. మా భజనలో ఇప్పుడు అరవై దాటినవాళ్ళం ఏడుగురం మిగిలాం. మాకు లిపి వచ్చు.

ఆ రాత్రి సేన్ లేలో పడుకుని చాలాసేపు నిద్ర పట్టలేదు. లె గోల్ పెద్దాయన దగ్గర అలాంటి నోటుబుక్కును నాలాంటి మాస్టరు ఎవరైనా మూసేసి ఉంటే, ఆ రేకు గుడిలో ఈ రోజు పాట ఉండేది కాదు.

పడమటి తీరం ఎండ, పొడి గడ్డి, పర్యాటకుల హోటళ్ళు. సేన్ పోల్ దాటి ఆరో రోజు సాయంత్రం లా పొసెస్యోం చేరాను. అక్కడి నుంచి సేన్ దెనీకి సముద్రం అంచున పోయే పెద్ద రోడ్డు సైకిళ్ళకు కాదు. మధ్యలో లా గ్రాండ్ షలూప్ అనే లోయ ఉంది. వలస కూలీలను ఓడ దించగానే రోగాల భయంతో కొన్నాళ్ళు విడిగా ఉంచిన లాజరే అక్కడే. మన ఘాట్ లాంటిదే, కానీ ఊరికి దూరంగా, ముందు సముద్రం వెనక కొండ. ఏడో రోజు సైకిల్‌ను బస దగ్గర వదిలి, నల్లరాళ్ళు పరిచిన పాత కాలిబాట పట్టుకుని కొండ మీదుగా నడిచి వెళ్ళాను. దిగేటప్పుడు మోకాలు ప్రతి రాయినీ లెక్కపెట్టింది.

లాజరే భవనం ఒకటి బాగుచేసి ప్రదర్శనశాలగా పెట్టారు. ఇంకొకటి మొండి గోడలుగా ఉంది. పక్కన పాత రైలు స్టేషను. నేను ప్రయాణం ముగించిన చోట వాళ్ళు ప్రయాణం మొదలుపెట్టారు. ఓడ దిగినవాడికి ఎదురుగా కనిపించేది నిటారు కొండ గోడే. ఆ కొండ వెనక ఏముందో, తన అన్న ఏ వైపున ఉన్నాడో అతనికి ఎలా తెలుస్తుంది? అక్కడ పేర్ల జాబితాలో అప్పన్న కోసం చూశాను. లేడు. ఉంటాడని అప్పటికి నేనూ అనుకోలేదు. రామన్న కాగితం నకలు నా సంచిలో ఉంది. మొండి గోడ నీడలో కూర్చుని ఆ కాగితంలోని పేరు, ఊరు తెలుగులో పైకి చదివాను. ఆ వెనుక అప్పన్న పేరు కూడా అన్నాను. ఊరి పేరు తప్పుగానే పలికి ఉంటాను. ఎవరూ దిద్దలేదు.

ఎనిమిదో రోజు లా మొంటాన్య్ మలుపులు ఎక్కి సేన్ దెనీలోకి దిగాను. ఎక్కిన దాంట్లో సగం సైకిల్‌ను తోసుకుంటూ నడిచిందే. విమానం లేచాక కిటికీలోంచి చూశాను. మబ్బు తెల్లటి పంచెలా చుట్టుకుని ఉంది. దాని పైన నల్లటి శిఖరం ఒక్క నిమిషం కనబడింది. కొండ వెనక్కి పోయింది. నలభై ఐదు నిమిషాల్లో ఇంటి దీవి మీద దిగాను. అన్నదమ్ములకు దొరకని దారి అంత దగ్గర.

వచ్చిన వారానికి ఆ కుర్రవాడి ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు కుర్రవాడు కాదు, నలభై దాటాయి, బస్సు నడుపుతాడు. నన్ను చూసి లేచి నిలబడి "మాస్టారూ" అన్నాడు. ఆ ఒక్క మాటా తెలుగులోనే అన్నాడు. నేను క్రియోల్‌లోనే చెప్పాను, ఆ రోజు నేను చేసింది తప్పని. అతను తనకు గుర్తులేదన్నాడు. గుర్తుందని ఇద్దరికీ తెలుసు. నోటుబుక్కు ఉందా అంటే, అమ్మ పెట్టెలో ఉండాలి అన్నాడు. శనివారం రమ్మన్నాను. ఆ శనివారం రాలేదు. తరువాతి శనివారమూ రాలేదు. మూడో శనివారం వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు పాడలేదు. నోటుబుక్కు మాత్రం ఒడిలో ఉంది.

ఇప్పుడు పాడుతున్నాడు. 'ళ' ఇంకా 'ల' గానే ఉంది. తన కూతుర్ని కూడా తీసుకొస్తున్నాడు. ఆ పిల్లకు వారానికొక అక్షరం నేర్పుతున్నాను, పాట ఆపకుండా.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో కూడా ఇద్దరన్నదమ్ముల కథ ఉండే ఉంటుంది. పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసి పెట్టండి. ఏ లిపిలో వస్తే ఆ లిపిలో రాయండి. ఇక నవంబరు చివర, కోతలు ముగిసే రోజుల్లో, గాలి శుభ్రంగా ఉన్న సాయంత్రం షమరెల్ పైకి వెళ్ళి సూర్యుడు దిగే చోటు చూడండి. నేను మా మనవరాలిని తీసుకుపోతుంటాను. పోయిన ఏడు కొండ కనబడింది. "తాతా, నువ్వు దాని చుట్టూ తిరిగావు కదా, అప్పన్న కనిపించాడా?" అని అడిగింది. కనిపించలేదమ్మా అన్నాను. "అయితే ఇంకా అక్కడే ఉన్నాడన్నమాట" అంది. మా నాయనమ్మను అది ఎన్నడూ చూడలేదు.